నాన్న వేసుకునే బీపీ మాత్ర

సమస్య

డాక్టర్ గారూ,

నేను ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి సెలవులకి ఇంటికొచ్చాను. మాది కృష్ణా జిల్లాలో చిన్న ఊరు. నాన్న మా ఊరి మందిరంలో పాస్టర్. అందరూ అయ్యగారు అంటారు. నీట్‌లో నాకు మొదటిసారి సీటు రాలేదు. లాంగ్ టర్మ్ కోచింగ్‌కి డబ్బు లేకపోతే సంఘంలో వాళ్లే తలా కొంత వేసుకుని కట్టారు. నాట్లకి వెళ్లొచ్చిన కూలి డబ్బుల్లోంచి రెండొందలు తెచ్చి అమ్మ చేతిలో పెట్టినవాళ్లున్నారు. సీటొచ్చాక మందిరంలో నా చేత సాక్ష్యం చెప్పించారు. "దేవుడే ఇచ్చాడు" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఇప్పుడు ఏది మనస్ఫూర్తిగా అంటున్నానో నాకే తెలియడం లేదు. నాలుగో వారం పిండానికి మెడ దగ్గర మడతలు వస్తాయని, చేపలో అవే మొప్పలవుతాయని ఎంబ్రియాలజీలో చదివాను. పరీక్షలో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాను. ఆదివారం సండే స్కూల్లో పిల్లలకి ఆదికాండం మొదటి అధ్యాయం, ఆరు దినాల సృష్టి చెప్పాను. హాస్టల్లో రాత్రి మోకరించి ప్రార్థన చేసుకుంటుంటే రూమ్మేట్ నవ్వుతుంది. "రేపు ఐసీయూలో కూడా ఇలాగే కూర్చుంటావా" అంటుంది. కోపం వస్తుంది గానీ జవాబు రాదు.

ఇంకొకటి. మా సంఘంలో ఏడో తరగతి చదివే అబ్బాయికి టైప్ 1 షుగర్. రోజుకి నాలుగు ఇన్సులిన్ ఇంజక్షన్లు. మొన్న పక్క టౌన్లో మూడు రాత్రులు స్వస్థత కూటాలు పెట్టారు. బయటి నుంచి వచ్చిన దైవజనుడు వాడి తల మీద చెయ్యి పెట్టి, సూదులు ఇక అక్కర్లేదన్నాడట. వాళ్లమ్మ ఆపేసింది. మూడో రోజుకి వాంతులు, ఆయాసం. నాలుగు రోజులు ఐసీయూలో ఉండి, దేవుడి దయ వల్ల బతికాడు. (చూశారా, నేనూ అలాగే రాశాను.) ఆ తర్వాతి ఆదివారం ఆమె మందిరంలో సాక్ష్యం చెప్పింది. నాన్న "హల్లెలూయ" అన్నారు. సెలైన్ మాట, ఇన్సులిన్ మాట ఎవరూ ఎత్తలేదు. ఇప్పటికీ రాత్రి ఇంజక్షన్ అప్పుడప్పుడు మానేస్తోందని ఆ అబ్బాయే నాతో అన్నాడు.

నాన్న ఎప్పుడూ ఎవరినీ మందులు మానెయ్యమనలేదు. మానొద్దని కూడా అనలేదు. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుంటారు. ఆ డబ్బా బీరువాలో బట్టల వెనక ఉంటుంది.

నేను మోసగత్తెనా? దేవుణ్ణి వదిలెయ్యాలా, డాక్టరు చదువు వదిలెయ్యాలా? ఎవరి డబ్బుతో చదువుతున్నానో వాళ్లకే ఎదురు చెప్పొచ్చా?

– పేరు వెయ్యొద్దన్న ఒక పాఠకురాలు


సలహా

అమ్మాయీ,

నీ ఉత్తరంలో రెండు సమస్యలున్నాయి. ఆదికాండమా, పరిణామమా అన్నది ఇరవై ఏళ్లు నానినా ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. ఆ అబ్బాయి రాత్రి ఇంజక్షన్ సంగతి ఈ రాత్రి దాకా కూడా ఆగదు. అందుకని నేను వెనక నుంచి మొదలుపెడతాను.

టైప్ 1లో క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు నాశనమైపోయి ఉంటాయి. పథ్యంతో, ఉపవాసంతో, నడకతో తిరిగొచ్చేవి కావు. వాడికి రాత్రిపూట వేసేది బహుశా లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ అయి ఉంటుంది. అది అన్నం అరగడానికి వేసేది కాదు, తిన్నా తినకపోయినా ఒళ్లు నడవడానికి వేసేది. "ఇవాళ వాడు సరిగ్గా తినలేదు, ఎందుకులే" అని తల్లులు మానేసేది సరిగ్గా దాన్నే. అది లేకపోతే శరీరం కొవ్వుని విచ్చలవిడిగా కరిగించుకుంటుంది, రక్తం ఆమ్లమవుతుంది, ఆ ఆమ్లాన్ని బయటికి పంపడానికి ఊపిరి లోతుగా, ఎగశ్వాసలా వస్తుంది. వాడి నోటి దగ్గర ముక్కు పెడితే మాగిన పండు వాసన వేసి ఉండేది. ఒకసారి తప్పించుకున్నాడు కదా అని రెండోసారీ తప్పించుకుంటాడన్న హామీ ఏ పుస్తకంలోనూ లేదు, నీ పుస్తకంలో గానీ నాదాంట్లో గానీ.

ఆ తల్లి మూర్ఖురాలని అనుకోకు. సూది వేస్తే తనకి నమ్మకం లేనట్టు అవుతుందేమోనని, ఆ అవిశ్వాసం వల్లే బిడ్డకి ఏమైనా అవుతుందేమోనని ఆమె భయం. అప్పుడప్పుడూ ఒక ఇంజక్షన్ మానేసి దేవుడి దగ్గర తన లెక్క సరిచేసుకుంటోంది. ఆ భయం నేను చెప్తే పోదు, నువ్వు చెప్తే పోదు. మీ నాన్నగారు చెప్తే పోతుంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ముప్పై తొమ్మిదేళ్ల కిందట, హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు, విరేచనాలతో ఒళ్లంతా పీల్చుకుపోయిన పిల్లాణ్ణి ఒకామె తెచ్చింది. సెలైన్ ఎక్కించడానికి నరం దొరకలేదు. దొరికిన ఒక్క నరం మీదా తాయెత్తు కట్టి ఉంది. కత్తెర తీసుకుని టక్కున కత్తిరించి, "ఇవి కట్టుకునే కదమ్మా ఇక్కడిదాకా తెచ్చుకున్నావు" అన్నాను. పక్కనున్న నర్సు నవ్వింది. నేనేదో గొప్ప పని చేసినట్టు ఫీలయ్యాను. రాత్రి రెండింటికి వెళ్లి చూస్తే మంచం ఖాళీ. కొక్కేనికి సగం సీసా వేలాడుతోంది. తాయెత్తు ముక్కల్ని మాత్రం ఏరుకుని పట్టుకుపోయింది. ఆ పిల్లాడేమయ్యాడో నాకు ఈనాటికీ తెలియదు. ఆ తర్వాత నేను తాయెత్తు ముడి విప్పి, తల్లినే రెండో చేతికి కట్టమనడం నేర్చుకున్నాను. నిమిషం పని అది.

కాబట్టి మీ నాన్నగారి దగ్గరికి చార్లెస్ డార్విన్‌ని వెంటబెట్టుకుని వెళ్లకు. బైబిల్ పట్టుకుని వెళ్లు. నేను హిందువుల ఇంట్లో పుట్టినవాణ్ణే గానీ మిషన్ స్కూల్లో చదివాను, మా తెలుగు మాస్టారు రాజుల గ్రంథాలు కథల్లా చెప్పేవారు. రెండవ రాజుల గ్రంథం ఇరవయ్యో అధ్యాయం తీసి ఆయన ముందు పెట్టు. హిజ్కియా రాజుకి ప్రాణం మీదకొచ్చింది. గోడ వైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు. అయినా ప్రవక్త యెషయా ఏం చేయించాడు? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. మాట వచ్చేశాక కూడా పట్టు వేశారు. ఆ ముద్ద వేయించుకోవడం అవిశ్వాసమని అక్కడ ఎవరూ అనలేదు. ఈ ఒక్క అధ్యాయం మీద మీ నాన్నగారు ఒక ఆదివారం వాక్యం చెప్పగలరా అని అడుగు.

ఆయన సరేనంటే ఇంకో మెట్టు. ఆ బీరువాలో బట్టల వెనక ఉన్న డబ్బా సంగతి. "నేను కూడా రోజూ మాత్ర వేసుకుంటున్నాను, వేసుకునే ముందు స్తోత్రం చెప్పుకుంటాను" అని అయ్యగారు మైకులో ఒక్కసారి అంటే చాలు, ఆ తల్లి మాత్రమే కాదు, ఆరు నెలలు వాడాల్సిన టీబీ మందులు రెండు నెలలకి దగ్గు తగ్గగానే ఆపేసినవాళ్లు, షుగరు మాత్రలు సగానికి విరుచుకున్నవాళ్లు, ఇంకా నీకు తెలియనివాళ్లు ఎంతమంది తల ఎత్తి చూస్తారో. ఆయనకి అది తేలిక కాదు. ఇన్నాళ్లు దాచుకున్నారంటే భయపడే దాచుకుని ఉంటారు. అందుకని నలుగురిలో అడగొద్దు. పొద్దున్న ఆయన మాత్ర వేసుకునే వేళకి మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నువ్వే వెళ్లు. కూతురిగా అడుగు, డాక్టరుగా కాదు. నువ్వింకా డాక్టరువి కాలేదులే.

మందూ ప్రార్థనా కలిసి నడవడం మీ వాళ్లకి కొత్త సంగతీ కాదు. 1883లో గుంటూరొచ్చిన లూథరన్ మిషనరీ అన్నా కుగ్లర్ ప్రార్థన చేసే మనిషే. ఆవిడ ఊరికే ప్రార్థన కూటాలు పెట్టి ఊరుకోలేదు, ఆస్పత్రి కట్టింది.

ఆ దైవజనుడి సంగతంటావా, షుగర్‌కి మహిమలతో వైద్యమని ప్రకటనలు వేయడం 1954 చట్టం ప్రకారం నేరం. మంత్రాలు, తాయెత్తులు, కవచాలు అన్నీ అందులో ఉన్నాయి. కానీ ఆయన మీదికి నువ్వు యుద్ధానికి వెళ్లొద్దు. ఆ అబ్బాయికి వైద్యం చేస్తున్న డాక్టరుకి జరిగింది చెప్పు. తర్వాతి సంగతి పెద్దవాళ్లు చూసుకుంటారు.

ఇక నీ మొదటి బాధ.

నువ్వు మోసగత్తెవి కాదు. నీకు కుదరకుండా ఉన్నది ఏమిటో నాకు అర్థమైంది. మందిరంలో సాక్ష్యం చెప్పేది బతికినవాళ్లు. పోయినవాళ్లు మైకు దగ్గరికి రారు. ఆస్పత్రిలో కేస్ షీట్ అలా కాదు, పోయినవాళ్లదీ రాయాలి, ఎన్ని గంటలకి పోయారో కూడా రాయాలి. ఇన్సులిన్ కథే చూడు. 1922 జనవరి 11న టొరంటోలో పద్నాలుగేళ్ల లియోనార్డ్ థాంప్సన్‌కి మొదటి ఇంజక్షన్ ఇస్తే సరిగ్గా పనిచేయలేదు. సూది గుచ్చిన చోట చీము పట్టింది. పనిచేయలేదని రాసుకున్నారు. మందుని ఇంకా శుద్ధిచేసి 23న మళ్లీ ఇచ్చారు, పనిచేసింది. ఆ చీము సంగతి దాచి ఉంటే ఇవాళ మీ ఊరి అబ్బాయి ఉండేవాడు కాదు. సాక్ష్యం చెప్పేటప్పుడు సగం చెప్పే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ నేర్పారు, ఇప్పుడు మొత్తం రాసే చదువు చదువుతున్నావు. నీ గొంతుకి అడ్డం పడుతున్నది అదేనని నా అనుమానం, దేవుడు కాదు.

పరిణామం గురించి ఒక్కటే అడుగుతాను. డిసెక్షన్ హాల్లో ఎడమవైపు రికరెంట్ లారింజియల్ నరం పట్టుకుని చూశావా? మెడలోనే ఉన్న స్వరపేటికకి వెళ్లాల్సిన నరం ఛాతీలోకి దిగి, గుండె పైనున్న బృహద్ధమని వంపు కిందుగా చుట్టు తిరిగి, మళ్లీ పైకెక్కుతుంది. జానెడు దూరానికి ఇంత ప్రయాణమా అనిపిస్తుంది. జిరాఫీలో అది మీటర్ల కొద్దీ తిరుగుతుంది. నువ్వు బొమ్మ వేసిన ఆ మడతల నాటి లెక్క అది. చేపలో నరానికి అది తిన్నని దారే. మెడ సాగి గుండె కిందికి జారాక, రక్తనాళానికి చిక్కుకున్న నరం దాంతోపాటు సాగింది. రేపు నువ్వు థైరాయిడ్ ఆపరేషన్ చూస్తావు, సర్జన్ ఊపిరి బిగబట్టి వెతికేది దాన్నే. తెగితే మనిషి గొంతు బొంగురుపోతుంది. కళ్ల ముందు ఉన్నదాన్ని లేదనుకోవడం ఏ దేవుడికీ భక్తి అనిపించుకోదని నేననుకుంటాను. మానవ జన్యుపటం ప్రాజెక్టుని నడిపించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ వైద్యుడే, నాస్తికుడిగా మొదలై క్రైస్తవుడైనవాడు. పరిణామం నిజమనీ, తన విశ్వాసానికి దాంతో పేచీ లేదనీ 2006లో పుస్తకమే రాశాడు. అలాగని ఆయన దారే నీ దారి కావాలనేం లేదు. మన విజయవాడలో గోరా గారి నాస్తిక కేంద్రం ఉంది, దేవుడితో నిమిత్తం లేకుండా జనం పని చేసినవాళ్లు అక్కడున్నారు. నువ్వు చివరికి ఎటు తేల్తావో నాకు తెలియదు, పందొమ్మిదేళ్లకి తేలకపోతే కంగారూ లేదు. నాకు అరవై దాటినా తేలలేదు. గుడికి మా ఆవిడ తోడుకి వెళ్తాను, చెప్పుల దగ్గర కూర్చుంటాను.

సండే స్కూల్లో మాత్రం నువ్వు నమ్మనిది నమ్మినట్టు చెప్పకు. సృష్టి పాఠం ఇంకొకరికి అప్పజెప్పి మంచి సమరయుడి కథ తీసుకో. దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాడి గాయాలకి నూనె, ద్రాక్షారసం పోసి కట్టుకట్టి, సత్రం ఖర్చు కూడా పెట్టుకున్నవాడి కథ. అది చెప్పడానికి నీకు ఏ ఇబ్బందీ ఉండదు.

మీ రూమ్మేట్‌కి జవాబు రాదన్నావు. అమెరికాలో ఆరు ఆస్పత్రుల్లో 1802 మంది గుండె బైపాస్ రోగుల మీద ప్రార్థన గురించి చేసిన పరీక్ష ఫలితాలు 2006లోనే వచ్చాయి. తమకోసం ప్రార్థిస్తున్నారో లేదో తెలియని రెండు గుంపుల్లో, ప్రార్థన జరిగినవాళ్లలో 52 శాతానికి, జరగనివాళ్లలో 51 శాతానికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. ప్రార్థిస్తున్నామని ముందే చెప్పిన గుంపులో 59 శాతం. నా దృష్టిలో దేవుణ్ణి మాత్రలా తూచబోవడమే చాదస్తం. కానీ ఒకటి తేలింది, ప్రార్థనని సెలైన్ సీసా బదులు వేలాడదీయలేం. ఐసీయూలో ఏం చేస్తావని ఆ అమ్మాయి మళ్లీ అడిగితే, ముందు పొటాషియం ఎంతుందో చూస్తానని చెప్పు. డ్యూటీ అయ్యాక మోకరిస్తావో, టీ తాగుతావో ఆ అమ్మాయికి అనవసరం.

డబ్బు సంగతి. నాట్ల కూలిలోంచి రెండొందలు తీసిచ్చినవాళ్లు నీ నోరు కొనుక్కోవడానికి ఇవ్వలేదు. తమ ఇంట్లో ఎవరికైనా రాత్రిపూట ఆయాసమొస్తే తలుపు తట్టడానికి ఒక మనిషి ఉంటుందని ఇచ్చారు. ఆ అబ్బాయి తల్లి కూడా ఇచ్చే ఉంటుంది.

సెలవులు అయ్యేలోపు వాళ్లింటికి ఒకసారి వెళ్లు. ఇన్సులిన్ ఎక్కడ పెడుతున్నారో చూడు. ఫ్రిజ్ ఉంటే తలుపు అరలో పెట్టించు, పైన ఐసు గడ్డకట్టే చోట వద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. ఫ్రిజ్ లేకపోతే మట్టికుండలో తడి ఇసుక పోసి, ఇన్సులిన్ని ప్లాస్టిక్ డబ్బాలో మూతపెట్టి అందులో ఉంచమను, కుండని నీడలో పెట్టి ఇసుకని రోజూ తడపమను. ఎందుకు మానేస్తున్నావని ఆమెని అడగొద్దు. రాత్రి ఇంజక్షన్ ఎన్ని యూనిట్లో వాణ్ణే చెప్పమను, ఎలా వేసుకుంటాడో చూడు. వాడు వేసుకునే ముందు ఆమె కళ్లు మూసుకుని ఏదైనా అనుకుంటే, అయ్యేదాకా ఆగు.