బ్రూ వేశాను, కానీ దొరకడం లేదు!

ప్రశ్న: మాది లిటిల్ అండమాన్‌లోని హట్ బే. ఎం1 మ్యాక్‌బుక్‌లో సాఫ్ట్‌వేర్లు దింపుకునే హోమ్‌బ్రూ వేస్తుంటే నెట్ రెండుసార్లు తెగింది. చివరికి పూర్తయిందని వచ్చింది. తీరా బ్రూ అని కొడితే ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అంటోంది. మళ్లీ మొదటినుంచి వేయాలా?
– ఒక పాఠకుడు

జవాబు: అక్కర్లేదండి. హోమ్‌బ్రూ వచ్చేసింది, దాని చిరునామాయే టెర్మినల్‌కు తెలియదు. పాత ఇంటెల్ మ్యాక్‌లలో అది టెర్మినల్ మామూలుగా వెతికే చోటే ఉండేది. ఎం1 నుంచి ‘ఆప్ట్’ లోపలి ‘హోమ్‌బ్రూ’ ఫోల్డర్‌కు మారింది. ఆ చోటును టెర్మినల్ వెతికే ‘పాత్’ అనే జాబితాలో మనమే చేర్చాలి.

ఇన్‌స్టలేషన్ చివర ‘నెక్స్ట్ స్టెప్స్’ కింద అందుకు కావాల్సిన లైన్లు కనిపిస్తాయి. చాలామంది వాటిని చదవకుండానే విండో మూసేస్తారు. వాటిని ఉన్నదున్నట్టు కాపీ చేసి, టెర్మినల్‌లో పేస్ట్ చేసి, ఎంటర్ నొక్కండి. ఆ లైన్లు పోతే అదే ఇన్‌స్టాల్ కమాండ్ మళ్లీ ఇవ్వండి, నష్టమేమీ లేదు. అది అడిగే మ్యాక్ పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చుక్కలు కూడా కనిపించవు, కంగారుపడకండి. ఆఖరున ‘బ్రూ డాక్టర్’ అని కొడితే లోపాలేమైనా ఉంటే అదే చెబుతుంది.

ఇక నెట్ సంగతి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక మీ దీవులకు శాటిలైట్ నెట్ తిప్పలు తగ్గాయి. అయినా వానల్లో లైను అంతంతమాత్రంగా ఉంటే, నెట్ బాగున్న వేళ ‘బ్రూ ఫెచ్’తో ప్యాకేజీని ముందే దింపి పెట్టుకోండి. తర్వాత తీరిగ్గా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు.