కంటికి గానరాని తెగులు

చెరకు నాటునపుడు ముచ్చెల నేరుట యెట్లో మన సభ్యు లందరును ఎరుగుదురు. ఎర్రకుళ్ళు తగిలిన గడయు కొంతకాలము పచ్చగనే యుండును. నిలువున చీల్చినగాని లోపలి యెరుపును, నడుమ తెల్లని మచ్చలును, పులిసిన వాసనయు తెలియవు. పైమెరుగు చూచి అట్టి గడలనే విత్తనమునకు గొట్టినవాడు తోటను పోగొట్టుకొనును.

హెచ్.ఐ.వి. యను సూక్ష్మక్రిమియు మనుష్యశరీరమున నిట్లే దాగియుండును. అది సోకిన పిమ్మట అనేక సంవత్సరములు మనిషి దుక్కి దున్నుచు, మూటలు మోయుచు ఆరోగ్యవంతునివలెనే యుండవచ్చును. ఆ కాలముననే తనకు తెలియకయే భార్యకును, ఆమెనుండి గర్భస్థశిశువునకును అది సంక్రమింపవచ్చును. ముఖము చూచి వైద్యుడైనను దీనిని కనిపెట్టజాలడు. రక్తపరీక్ష యొక్కటియే మార్గము.

మనదేశమున నీ క్రిమి తొలుత బయటపడిన కథ మన పొరుగుననే జరిగినది. 1986లో మద్రాసు వైద్యకళాశాలయందు డాక్టరు సునీతి సోలోమన్ గారి శిష్యురాలు నిర్మలగారు ఆ నగరమున రక్తపు నమూనాలు సేకరించి, పరీక్షకై వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు గొనివచ్చిరి. వానిలో కొన్నింట క్రిమిజాడ కనబడెను. చిత్తూరునుండి వేలూరెంత దూరమో మీకు చెప్పనక్కరలేదు. ఇది పరదేశముల వ్యాధి, మనకు రాదని అంతవరకు పలువురు నిశ్చింతగా నుండిరి.

నే నెరిగిన రైతు నొకనిగూర్చి ఆతని యనుమతితో, ఊరిపేరు లేకుండ వ్రాయుచున్నాను. గర్భిణియైన ఆతని భార్యకు ఆసుపత్రిలో పరీక్షింపగా క్రిమి యున్నదని తేలెను. ఆతడు మండిపడి ఆమెను పుట్టింటికి పంప నెంచెను. “ముందు నీవును పరీక్ష చేయించుకొనుము” అనగా మూడువారములు నాకు ముఖము చూపలేదు. భూసారపరీక్షకు మట్టి పంపుటకు ఎన్నడును జంకని మనిషి! తుదకు వెళ్ళెను. ఆతనికిని ఉన్నది. ఇరువురును మందు మొదలిడిరి. శిశువునకు పుట్టిననాటినుండి మందిచ్చిరి. ఏడాదిన్నర నిండిన పిదప బిడ్డను పరీక్షింపగా క్రిమి లేదనిరి. ఆ మాట నాతో చెప్పుచు ఆతడు కండ్లనీరు పెట్టుకొనెను.

ఇచ్చట చెరకు పోలిక నిలువదు. తెగులు గడను పెరికి కాల్చవలసినదే. మనుష్యునకు మందు గలదు. 2004 ఏప్రిలు 1వ తేదీనుండి ప్రభుత్వము దానిని ఉచితముగ నిచ్చుచున్నది. దినమైనను తప్పక పుచ్చుకొనినచో క్రిమి పరీక్షకు అందనంతగా తగ్గును. అట్లు తగ్గి నిలిచినవారినుండి దాంపత్యమువలన ఇతరులకు సోకదు. అయినను పూర్తిగ నశింపదు గనుక మందు యావజ్జీవము వాడవలెను.

కలసి భుజించుటవలనగాని, ఒకే బావినీరు త్రాగుటవలనగాని, దోమకాటువలనగాని ఇది రాదు. రక్షణలేని సంభోగము, ఇతరులకు వాడిన సూది, పరీక్షింపని రక్తము, తల్లినుండి బిడ్డ: త్రోవలివియే. కావున తొడుగు వాడవలెను. సూదిమందు వేయించుకొనునపుడు క్రొత్త సూదిని మీ యెదుటనే విప్పింపవలెను.

తిరుపతి రుయా ఆసుపత్రిలోను, చిత్తూరు ప్రభుత్వాసుపత్రిలోను పరీక్ష ఉచితము. 2017నాటి చట్టము 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అమలులో నున్నది. దానిప్రకారము మీ సమ్మతి లేక పరీక్షింపరాదు, ఫలితమును బయటపెట్టరాదు. సోకిన క్రొత్తలో పరీక్షకు దొరకకపోవచ్చును గాన, అనుమానమున్నవారు మూడుమాసములకు మరల వెళ్ళవలెను. సందేహములకు 1097 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. పైకము పడదు, పేరు చెప్పనక్కరలేదు.