పరులకొఱకు వెబ్‌సైటు నిర్మించు విధము

వెబ్‌సైటును చూచుట నేఁడు ఎల్లరకును తెలిసిన పనియే. దానిని ఇతరులకొఱకు కట్టి యిచ్చునపుడు అవలంబింపవలసిన క్రమము నెఱిఁగినవారు మాత్రము కొందఱే. మన విద్యార్థులలోఁ గొందఱు మున్ముందు ఈ వృత్తిని చేపట్టుదురు గావున, ఆ క్రమమును సంగ్రహముగా నిచట వివరింపఁ దలఁచితిమి.

1989వ సంవత్సరమున జెనీవా నగరము చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమునందు టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయుఁడు వరల్డ్ వైడ్ వెబ్‌నకు ప్రతిపాదన వ్రాసెను. 1993 ఏప్రిలు 30వ తేదీన ఆ సంస్థ దానిని ఎల్లవారును మూల్యము లేకుండ వాడుకొనవచ్చునని ప్రకటించెను. తొలినాళ్లలో పుటయందొక యక్షరము మార్చవలెనన్నను హెచ్.టి.ఎమ్.ఎల్. అను గుర్తుల భాష నేర్చినవారే మార్చవలసి యుండెను. ఈ యిబ్బందిని తొలఁగించుటకై విషయనిర్వహణ వ్యవస్థలు పుట్టినవి. 2001లో డ్రూపల్, 2003లో వర్డ్‌ప్రెస్, 2005లో జూమ్లా వెలువడినవి. ఈ మూఁడును ఉచితముగా లభించును.

వీని కీలకమంతయు విషయమును రూపమునుండి వేఱుపఱచుటయందే యున్నది. పాఠశాలలో అచ్చొత్తించిన మార్కుల పత్రమును తలఁచుకొనుఁడు. ఖాళీ పత్రము అందఱికి నొక్కటియే. నింపెడు పేర్లును మార్కులును వేఱువేఱు. అట్లే విషయము డేటాబేసునందు భద్రముగా నుండును. చదువరి పుటను కోరినంతనే వ్యవస్థ దానిని మూసలో కూర్చి పంపును.

ఇఁక ప్రణాళిక. ఉదాహరణమునకు ఒక చిన్న ఆసుపత్రివారు మనకు పని యప్పగించిరనుకొందము. వారు తొలుత రంగులను గూర్చియు బొమ్మలను గూర్చియు ముచ్చటింతురు. మనము మాత్రము మూఁడు ప్రశ్నల నడుగవలయును. ఇచటికి వచ్చువా రెవరు, ఏమి తెలిసికొనఁగోరి వత్తురు? ఏ విషయము తఱచుగా మాఱును, ఏది మాఱదు? మనము పని ముగించి వెడలిన పిదప దానిని మార్చువా రెవరు? ఆసుపత్రి చరిత్ర ఏండ్లతరబడి మాఱకపోవచ్చును; వైద్యులు రోగులను చూచు వేళలు నెలకొకమాఱైనను మాఱవచ్చును. ఈ జవాబులను కాగితముపై వ్రాసి, యుభయులును సమ్మతించిన పిదపనే పని ప్రారంభింపవలయును. వెబ్‌సైటు పేరు, తాళపుమాటలు యజమాని స్వాధీనముననే యుండవలయును. ముందుగా లెక్క చూచుకొనక గోపురము కట్టఁబూనినవాని యుపమానము మన విద్యార్థు లెఱిఁగినదే గదా!

నిర్మాణమునందు ముఖ్యమైన నియమ మొకటి కలదు: ఒక సంగతిని ఒక్కచోటనే వ్రాయవలయును. వైద్యుని పేరు, విభాగము, చూచు దినములు, వేళలు – వీనికి వేర్వేఱు గడు లేర్పఱచినచో, ఒక్కమాఱు సవరించినంతనే ఆ సవరణ అన్ని పుటలయందును కనఁబడును. అట్లుగాక మూఁడు పుటలలో మూఁడుమార్లు వ్రాసినచో, రెంటిని సవరించి మూఁడవదానిని మఱచుట మనుష్యసహజము. ఆ మూఁడవ పుటను నమ్మి, ఒకనాఁటి కూలి విడిచి, బస్సు చార్జీ పెట్టుకొని వచ్చిన రోగి తలుపు మూసియుండుట చూచి మరలిపోవును. మన యజాగ్రత్తకు మూల్యము చెల్లించువాఁ డాతఁడే.

అధికారములను గూడ పంచవలయును. వర్డ్‌ప్రెస్‌నందు కంట్రిబ్యూటరు వ్రాయఁగలఁడు గాని ప్రచురింపలేఁడు. ఎడిటరు చూచి ప్రచురించును. అవసరములేని ప్లగిన్‌లను చేర్చరాదు. ఎప్పటికప్పుడు నవీకరింపని ప్లగిన్ దొంగకు తెఱచిన తలుపు వంటిది. సమస్త విషయమునకు ప్రతి యొకటి వేఱుచోట నుంచి, దానినుండి మరల నిలువఁబెట్టి చూడవలయును.

మన భాషలో నిర్మించునపుడు మఱికొంత జాగ్రత్త వలయును. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంపుటియందే తెలుఁగునకు స్థానము లభించినది. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఆంగ్లాక్షరమున కొక బైటు చాలును; ప్రతి తెలుఁగు సంకేతమునకు మూఁడు బైట్లు కావలయును. "అమ్మ" అను చిన్న మాటలో అకారము, మకారము, పొల్లు, మరల మకారము – నాలుగు సంకేతములు, పండ్రెండు బైట్లు. ఆంగ్లమునకు సరిపడునట్లు బైట్లలో కొలిచిన గడిలో తెలుఁగు పేరు సగమున తెగిపోవును. ఆంగ్లపు పంక్తులకై కుదిర్చిన యెత్తులో మన వత్తులు ఇమడక క్రింది పంక్తిని తాఁకును. కావున మూసను నిజమైన తెలుఁగు వాక్యములతోనే పరీక్షింపవలయును.

తుదకు విస్తరణము. 2013 అక్టోబరు 1వ తేదీన అమెరికా ప్రభుత్వము ఆరోగ్య బీమాకై హెల్త్‌కేర్ డాట్ గవ్ అను వెబ్‌సైటును తెఱచెను. జనులు లక్షలకొలఁది వచ్చిరి. తొలినాఁడు నమోదును పూర్తిచేసికొనఁగలిగినవారు ఆఱుగురే. మన యాసుపత్రికి అంతటి తాఁకిడి రాకపోయినను లెక్క యొక్కటియే. సర్వరు ఒక పుటను సెకనులో అయిదవ వంతున కూర్చుననియు, ఒకేమాఱు పదింటిని కూర్చఁగలదనియు అనుకొందము. అపుడు సెకనునకు 50 పుటలు. ఒక్క సెకనులో 500 మంది కోరినచో చివరివాఁడు 10 సెకనులు వేచియుండవలయును. ప్రతి సెకనునకును అంతమందియే వచ్చుచున్నచో వరుసకు అంతముండదు.

దీనికి మొదటి యుపాయము క్యాషింగు: ఒకమాఱు కూర్చిన పుటను దాఁచి, దానినే అందఱికి నిచ్చుట. రెండవది, ప్రతులను పలుచోట్ల నుంచి చదువరికి సమీపమునుండి పంపుట. ఇవి చాలనపుడే సర్వరుల సంఖ్యను పెంచవలయును. అయితే, విషయము మాఱినంతనే దాఁచిన పుటను తొలఁగింపనిచో పాత వేళలే మరల కనఁబడి, పైఁ జెప్పిన రోగి మఱల వట్టిచేతులతో తిరిగిపోవును. వేగమునకై సత్యమును విడువరాదు.

పని ముగిసెనని యెప్పుడు చెప్పవచ్చును? ఆసుపత్రి గుమాస్తాను కూర్చుండఁబెట్టి, మనము ప్రక్కన మౌనముగా నుండి, ఒక వైద్యుని వేళను మార్పించి చూడవలయును. అతఁడు మన సాయము లేకయే మార్చి, ఆ మార్పు అన్ని పుటలయందును కనఁబడినచో పని ముగిసినట్లు. ప్రతి యక్షరమునకును మనలనే పిలువవలసియున్నచో, మనము కట్టినది ఎంత సుందరమైనను అది వారి సొత్తు కానేరదు. పరులకు స్వాతంత్ర్యము నొసఁగు పనియే మంచి పనియని విద్యార్థులు గ్రహింతురుగాక.