కేజీఎఫ్‌లో ఇంటింటి బ్యూటీషియన్: బ్యాగులో ఏది ఉండాలి, ఏది వద్దు

2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడ్డాక కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్) బతుకు రైలు వేళలకు ముడిపడిపోయింది. మారికుప్పంలో తెల్లవారకముందే బయలుదేరే బండ్లలో వేలమంది బెంగళూరు పనులకు పోయి రాత్రికి ఇల్లు చేరుతున్నారు. వాళ్లలో ఆడవాళ్లూ బోలెడుమంది. రాబర్ట్‌సన్‌పేటలో పార్లర్లకు కొదవ లేదు. కానీ వీళ్లు ఊళ్లో ఉండే వేళకు అవి మూసేసి ఉంటాయి. చేతికి చిక్కేది ఒక్క ఆదివారం. బట్టలు, వంట, పిల్లలు అన్నీ ఆ రోజే. ఇంటికి వచ్చి పని చేసిపోయే బ్యూటీషియన్ అవసరం ఇక్కడే పుడుతోంది.

కోర్సు పూర్తి చేసిన అమ్మాయిలు చాలామంది నేర్చుకున్నవన్నీ వరసగా రాసి రేటు కార్డు అచ్చు వేయిస్తారు. ఐబ్రోస్ మొదలు కెరటిన్ దాకా అందులో లేనిది ఉండదు. ఇంటింటికీ తిరిగే పనికి అంత పెద్ద కార్డు బరువే తప్ప లాభం లేదు. ఏ సేవ పెట్టుకోవాలో తేల్చేది నేర్చుకున్న విద్య ఒక్కటే కాదు, కస్టమర్ ఇల్లు కూడా.

గని కార్మికుల కోసం కట్టిన లైన్ ఇళ్లు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. చిన్న గదుల్లో మడతమంచం వేస్తే పక్కన నిలబడే చోటు మిగలదు. ఇక నీళ్ల సంగతి. కోలారు జిల్లాలో వెయ్యి అడుగులు దాటి తవ్విన బోర్లు మామూలే. ఆ నీళ్లు చాలాచోట్ల గట్టివి, షాంపూకు సరిగా నురగ రాదు. ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఇంట్లో హెయిర్ స్పాకని నాలుగు బకెట్లు అడగడం భావ్యమూ కాదు.

తల కడిగే పనిలో ఇంకో ప్రమాదం ఉంది. మెడను వెనక్కి బాగా వంచి ఉంచితే మెదడుకు వెళ్లే రక్తనాళం దెబ్బతినవచ్చు. దీనికి 'బ్యూటీ పార్లర్ స్ట్రోక్' అని పేరు పెట్టి 1993లోనే అమెరికన్ న్యూరాలజిస్ట్ మైకేల్ వైన్‌ట్రాబ్ రాశారు. 2022లో హైదరాబాద్‌లో ఒక యాభయ్యేళ్ల మహిళకు పార్లర్లో తల కడిగించుకుంటుండగా పక్షవాతం లక్షణాలు కనిపించాయి. సరైన బేసినే లేకుండా ప్లాస్టిక్ కుర్చీ అంచు మీద మెడ ఆనించి చేసే పని ఇంకెంత ప్రమాదమో ఊహించుకోవచ్చు. హెయిర్ స్పాను జాబితాలోంచి తీసేయడమే మంచిది.

జుట్టు రంగుదీ దాదాపు అదే కథ. చాలా డైల్లో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు. 48 గంటల ముందు చెవి వెనకో మోచేతి మడతలోనో కొద్దిగా రాసి చూడాలి. అంటే ఒక పనికి రెండుసార్లు పోవాలి. పెట్రోలు లెక్క వేస్తే ఎంత మిగులుతుందో తేలిపోతుంది.

మరి ఏది నిలబడుతుంది? త్రెడింగ్, వ్యాక్సింగ్, క్లీనప్. మూడూ ఒక కుర్చీ, ఒక చాప, చెంబెడు నీళ్లతో అయిపోతాయి. అయితే త్రెడింగ్ ఒక్కదానికే బంగారుపేట దాకా స్కూటీ వేసుకుపోతే దారిఖర్చు కూడా రాదు. అందుకే కనీస బిల్లు ముందే చెప్పాలి, లేదా ఒక చోట నలుగురైదుగురు దొరికేలా చూసుకోవాలి. నరసాపుర పారిశ్రామికవాడలో ఐఫోన్ల ఫ్యాక్టరీ ఉంది. విస్ట్రాన్ నుంచి 2023లో టాటాల చేతికి వచ్చిన ఆ ఫ్యాక్టరీ కోసం చుట్టుపక్కల హాస్టళ్లలో ఉంటున్న అమ్మాయిలు ఎందరో. ఒక గదిలో దారం తీస్తే పక్క గదివాళ్లు "అక్కా, నాకూ చేసిపోండి" అంటారు. దారం మాత్రం ఒక్కొక్కరికి కొత్తది తీయాలి, పళ్లతో కాకుండా మెడకు కట్టుకుని లాగాలి. వ్యాక్స్ గరిటెను ఒంటికి తాకించాక మళ్లీ డబ్బాలో ముంచకూడదు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నారా అని అడగకుండా వ్యాక్స్ మొదలుపెడితే చర్మం ఊడివచ్చే ప్రమాదం ఉంది. షుగర్ ఉన్నవాళ్ల కాళ్లకు పెడిక్యూర్ చేయాల్సివస్తే బ్లేడు, కటర్ బయటికి తీయనే వద్దు.

అసలు సంపాదన పెళ్లిళ్లలో ఉంది. ఈ వైపు ముందురోజు సాయంత్రం రిసెప్షన్, మర్నాడు పొద్దున్నే ముహూర్తం. ఒకే పెళ్లికూతురికి రెండు అలంకరణలు, రెండు జడలు, రెండు చీరకట్లు. రాత్రి కల్యాణ మంటపంలోనే ఉండాల్సి వస్తుంది కనుక పడుకునే చోటు, తిరుగు ప్రయాణం అడ్వాన్స్ తీసుకునేటప్పుడే మాట్లాడుకోవాలి. కేజీఎఫ్‌లో ఇంకో వెసులుబాటు ఉంది. ఆషాఢం, పుష్యం వస్తే తెలుగు, కన్నడ ఇళ్లలో ముహూర్తాలు ఆగుతాయి. తమిళుల ఇళ్లలో ఆగేది ఆడి, మార్గళి నెలల్లో. క్రైస్తవులు లెంట్ రోజుల్లో సాధారణంగా పెళ్లి పెట్టుకోరు. రంజాన్ ఈద్ ముందురాత్రి ముస్లింల ఇళ్లలో మెహందీ పెట్టేవాళ్లకు ఊపిరి సలపదు. పట్టుచీర పెళ్లికూతురికీ, చర్చిలో తెల్లగౌను పెళ్లికూతురికీ మేకప్ చేయగలిగితే, మెహందీ కూడా చేతిలో ఉంటే, ఏడాదిలో ఖాళీ నెలలు బాగా తగ్గుతాయి. చీరలకు ముందే కుచ్చిళ్లు పెట్టి ఇస్త్రీ చేసి మడిచి ఇచ్చే పని నేర్చుకుంటే మామూలు రోజుల్లో ఇంట్లోనే కూర్చుని చేసుకోవచ్చు.

ఎంత డబ్బు వచ్చినా ముట్టకూడనివి కొన్ని ఉన్నాయి. కెమికల్ పీల్స్, మైక్రోబ్లేడింగ్, ఫార్మాల్డిహైడ్ వాయువు వదిలే స్ట్రెయిటెనింగ్. అన్నిటికన్నా ముఖ్యం, పేరూ లైసెన్సు నంబరూ లేని 'తెల్లబరిచే' క్రీములు. కేరళలో కోట్టక్కల్‌లోని ఒక ఆసుపత్రి డాక్టర్లు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు వరకు ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. 15 మందిలో నెల్-1 అనే ప్రొటీన్ కనిపించింది. వాళ్లలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లే. అలాంటి చాలా క్రీముల్లో పాదరసం కలుపుతారు. పెళ్లి దగ్గరపడిందని వారంలో తెల్లబడాలని ఏ తల్లి అడిగినా, కుదరదని చెప్పగలగాలి.

శిక్షణకు దారులు చాలానే ఉన్నాయి. బ్యాంకులు నడిపే ఆర్‌సెటి కేంద్రాల్లో గ్రామీణ యువతకు సుమారు నెల రోజుల బ్యూటీ పార్లర్ శిక్షణ, భోజనం, వసతి అన్నీ ఉచితం. ఐటీఐలో కాస్మెటాలజీ ఏడాది కోర్సు. బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ 'అసిస్టెంట్ బ్యూటీ థెరపిస్ట్', 'బ్యూటీ థెరపిస్ట్' సర్టిఫికెట్లు ఇస్తుంది. పెట్టుబడికి ముద్ర పథకంలో శిశు రుణం 50,000 రూపాయల వరకు దొరుకుతుంది. ఆ డబ్బు మొత్తం మేకప్ కిట్‌కే పోయకుండా డిస్పోజబుల్ షీట్లు, గరిటెలు, చిన్న పొట్లాల్లో వచ్చే ఫేషియల్ ప్యాక్‌లకు కొంత పక్కన పెట్టాలి. కస్టమర్ కళ్లముందే విప్పిన కొత్త పొట్లం ఆమెకు నమ్మకం ఇస్తుంది. తర్వాత మూడు నెలలు ఎవరెవరు ఏం అడిగారో, ఏది లేదని చెప్పాల్సివచ్చిందో నోటుపుస్తకంలో రాసుకుంటే, తర్వాత ఏ కోర్సుకు ఫీజు కట్టాలో అందులోనే దొరుకుతుంది.