పెద్దమ్మ చెప్పిన దారి

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

బుజ్జీ,

నువ్వు చేస్తున్న వీడియో గేమ్ గురించి పంపిన నోట్సు రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి పెన్ను పట్టుకుని. పేదరాశి పెద్దమ్మ ఇంట్లో మొదలై, చిలకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుడి దాకా వెళ్లే ఆ కథ నాకు చాలా నచ్చింది. మన పిల్లలు ఆడుకునే ఆటలో మన పెద్దమ్మ కనబడుతుందంటే నాకు నిజంగా గర్వంగా ఉంది. భయం వేసింది మాత్రం మ్యాపు చూసి. పన్నెండు రాజ్యాలు, మూడు వందల ఊళ్లు! పక్కనే ఎర్ర ఇంకుతో "స్కైరిమ్ అంత ఉండాలి" అని రాసుకున్నావు. అందుకని ఈ ఉత్తరం ఆ స్కైరిమ్ వీడియో గేమ్ గురించే రాస్తున్నాను.

ఆ ఆట నేను 2012 ఎండాకాలంలో మొదలుపెట్టాను. మధ్యలో ఆపేసి, మళ్లీ అందుకుని, ఇప్పటికీ ఏడాదికోసారి కొత్తగా మొదలుపెడుతూనే ఉన్నాను. ఇన్నేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నవాణ్ని, ఏది చూసినా ముందు తప్పు కనబడుతుంది. అయినా ఈ ఆట మీద ఇష్టం తగ్గలేదు. దాని గొప్పతనం ఎక్కడుందో నీకు సరిగ్గా తెలియాలి, ఎందుకంటే చాలామంది దాన్ని మ్యాపు సైజులో వెతుకుతారు.

మొదటి గంట గుర్తు తెచ్చుకో. చేతులు కట్టేసి బండిలో తీసుకెళ్తుంటారు. హెల్గెన్ అనే ఊళ్లో తల నరికే మొద్దు మీద నీ మెడ పెట్టించిన క్షణాన ఆల్డుయిన్ అనే డ్రాగన్ వచ్చి పడుతుంది. ఎలాగో తప్పించుకుని గుహలోంచి బయటికొస్తావు. అక్కణ్నుంచి ఆట నీ చెయ్యి వదిలేస్తుంది. నీతో పాటు బయటపడ్డవాడు రివర్‌వుడ్ అనే పల్లెకి రమ్మంటాడు. పోతే పోవచ్చు, మానితే మానొచ్చు. అతనితో నడిస్తే, దారిలో కొండ మీద నల్లటి రాతి కమానులు కనబడతాయి. అది బ్లీక్ ఫాల్స్ బారో, పాతకాలపు సమాధుల గుడి. దాన్ని చూస్తే తనకి చిన్నప్పుడు పీడకలలు వచ్చేవని చెప్పి అతను ముందుకు సాగిపోతాడు. ఆ క్షణాన ఆ కొండ ఎక్కమని ఎవరూ అడగరు. నీకే ఎక్కాలనిపిస్తుంది. కంటికి కనబడ్డ ప్రతిదాని దగ్గరికీ కాలు వెళ్లగలదు, వెళ్తే అక్కడ ఏదో ఒకటి ఉంటుంది. ఈ ఆట చేసిన బెథెస్డా సంస్థవాళ్లు 2011 నవంబరు 11న దాన్ని విడుదల చేస్తూ ఇచ్చిన ఈ మాటని ఆటంతా నిలబెట్టుకున్నారు.

నీకో సంగతి చెప్పాలి. స్కైరిమ్‌లో నక్క వెంట పడితే నిధి దొరుకుతుందని ఆడేవాళ్లు ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. నిజంగానే దొరికేది. నక్కకి ఆ తెలివి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియలేదు. ఆ ఆటకి పనిచేసిన జోయెల్ బర్జెస్ 2021లో గుట్టు విప్పాడు. ఆటలో జంతువులు నడవడానికి నేలంతా కంటికి కనబడని త్రిభుజాలు పరిచి ఉంటాయి. నిన్ను చూసి నక్క పారిపోయేటప్పుడు దూరాన్ని గజాల్లో కాకుండా త్రిభుజాల్లో కొలుచుకుంటుంది. ఖాళీ మైదానంలో అవి పెద్దవి, కొన్నే ఉంటాయి. శిథిలాలూ మెట్లూ గుడారాలూ ఉన్నచోట చిన్నవి, చాలా ఉంటాయి. తొందరగా ఎక్కువ త్రిభుజాలు దాటాలంటే నక్క అటే పరిగెత్తాలి. ఎవరూ అనుకుని చేసింది కాదిది. అయినా మూలమూలనా మనుషులు కూర్చుని శ్రద్ధగా పనిచేశారు కాబట్టే నక్క పారిపోయిన చోటల్లా చూడదగ్గది ఏదో ఉంది. నేల మీద అంత పని జరగకపోతే ఆ నక్క నిన్ను బీడులోకి తీసుకెళ్లేది.

ఇంకొకటి, ఉత్తరాన మంచుగట్టు మీదున్న ఫ్రాస్ట్‌ఫ్లో దీపస్తంభం. లోపలికి వెళ్తే శవం, చిందరవందరగా సామాను, అక్కడక్కడా డైరీలు. సముద్రమంటే ప్రాణమిచ్చే ఒకాయన పెళ్లాం బిడ్డల్ని తీసుకుని అక్కడ కాపురం పెట్టాడు. నేలమాళిగ గోడ అవతలి నుంచి భూగర్భ జీవులూ పురుగులూ వచ్చి ఇంటిల్లిపాదినీ పొట్టన పెట్టుకున్నాయి. ఆయన అస్థికలు గుహ అడుగున ఉన్న అతి పెద్ద పురుగు కడుపులో దొరుకుతాయి. తను పోయాక దీపస్తంభం మంటలో తనని కలపాలని ఆయన కోరిక. నువ్వు మెట్లెక్కి ఆ అస్థికలు మంటలో వేస్తే సముద్రం వైపు నుంచి చిన్న దీవెన దక్కుతుంది. కథ చెప్పడానికి అక్కడ బతికున్న మనిషి ఒక్కడు లేడు. ఆ రాత్రి నేను ఆట ఆపేసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

పాత్ర పెరిగే పద్ధతి కూడా నేర్చుకోదగ్గదే. నువ్వు యోధుడివా మంత్రగాడివా అని ముందే అడగరు. నైపుణ్యాలు పద్దెనిమిది. ఏది వాడితే అది పెరుగుతుంది. కత్తి తిప్పితే కత్తి, తాళం తీస్తే తాళం. దీంట్లోనూ చిల్లు ఉండేది. మొదట్లో జనం వరసగా ఇనప బాకులు చేసి చేసి కమ్మరి పనిలో శిఖరానికి చేరిపోయారు, తర్వాత ఒక ప్యాచ్‌లో దాన్ని సరిచేశారు. ఏ పనికి మార్కులేస్తే మనుషులు ఆ పనే చేస్తారు, నీ ఆటలో లెక్కలు రాసేటప్పుడు ఇది మర్చిపోకు.

ఇక లోపాలు. కత్తియుద్ధంలో బరువు లేదు. దెబ్బ తగిలినవాడికి తగిలినట్టుండదు. సమాధుల్లో తలుపు బొమ్మల పొడుపుకథలు ఒకదానికొకటి నకళ్లు, జవాబు చేతిలో ఉన్న పంజా ఆకారపు తాళంచెవి మీదే చెక్కి ఉంటుంది. ప్లేస్టేషన్ 3లో సేవ్ ఫైలు పెరిగేకొద్దీ ఆట నత్తనడక నడిచేది. ఇవన్నీ పనివాళ్లు సరిచేయగలిగేవి, కొన్నిటిని అభిమానులే సరిచేశారు. వీటి గురించి ఎక్కువ చెప్పను. నన్ను నిజంగా బాధపెట్టినవి రెండు.

మొదటిది ఆ బాణం గుర్తు. ఎవరైనా పని అప్పగించగానే పైన దిక్సూచిలో గుర్తు వెలుగుతుంది. దాన్ని చూస్తూ నడుస్తావు, కొండా వాగూ చూడవు. పోనీ ఆపేసుకుందామంటే కుదరదు, ఎందుకంటే దారి ఎటో మనుషులు మాటల్లో చెప్పరు. ఇదే సంస్థ 2002లో చేసిన మారోవిండ్‌లో అందరూ నోటితో చెప్పేవాళ్లు, వంతెన దాటి ఎడమకి తిరుగు, రాళ్లగుట్ట కనబడితే ఆగు అని. ఒక్కోసారి తప్పు కూడా చెప్పేవాళ్లు. తిట్టుకుంటూ వెతికేవాళ్లం, వెతికిన ఊరు జన్మలో మరిచిపోయేవాళ్లం కాదు. బుజ్జీ, నీ కథలో దారి చెప్పేది ఎవరు? పెద్దమ్మ! మూడు దిక్కులకీ వెళ్లు, ఉత్తరానికి మాత్రం వెళ్లకు అంటుంది. ఆ ఒక్క మాటతోనే రాకుమారుడికి ఉత్తరం వైపు మనసు లాగుతుంది. మన కథల్లో దారి అంటే మాట. నీ నోట్సు ఏడో పేజీలో మాత్రం పెద్దమ్మ మాట్లాడటం అయిపోగానే మ్యాపు మీద చుక్క పడుతుంది. ఆ చుక్క తీసెయ్. అది ఉన్నంతకాలం పెద్దమ్మ చెప్పేది ఎవరూ వినరు.

రెండోది ఇంకా పెద్దది. ఆ దేశానికి జ్ఞాపకం లేదు. కాదు, చిన్నవి గుర్తుంటాయి. ఒకరింట్లో దొంగతనం చేస్తే కొన్నాళ్లకి ముగ్గురు కిరాయి రౌడీలు అడ్డం వస్తారు, వాళ్ల జేబులో నీ మీద రాసిన కాగితం దొరుకుతుంది. నిన్ను అభిమానించినవాళ్లెవరైనా చచ్చిపోతే తపాలావాడు వచ్చి వాళ్లు నీ పేర వదిలిన డబ్బు చేతిలో పెడతాడు. మొదటిసారి అలా ఉత్తరం అందుకున్నప్పుడు ఎంత మురిసిపోయానో చెప్పలేను. కానీ పెద్దవి గుర్తుండవు. వింటర్‌హోల్డ్ మంత్రవిద్యా కళాశాలకి ఒక్క మంత్రం వేసి చూపించి లోపలికి వెళ్లి, కొద్దిపాటి మంత్రాలతోనే దానికి అధిపతివైపోవచ్చు. అయ్యాక కళాశాలని నడిపే పని ఒక్కటీ నీ చేతికి రాదు. అంతర్యుద్ధాన్ని నువ్వే ముగిస్తావు. ఓడినవాళ్ల గుడారాలు అడవుల్లో అలాగే ఉంటాయి, వైట్‌రన్‌లో కూలినవి కొన్ని కూలినట్టే ఉండిపోతాయి. లోకాన్ని మింగడానికొచ్చిన ఆల్డుయిన్‌ని చంపి తిరిగొస్తే సంతలో క్యాబేజీల బేరం ఎప్పటిలాగే సాగుతుంటుంది. డ్రాగన్లు మళ్లీ వస్తూనే ఉంటాయి.

పార్థుర్నాక్స్ సంగతి చూడు. కొండ కొన మీద తపస్సులో ఉన్న ముసలి డ్రాగన్, ఒకప్పుడు ఆల్డుయిన్‌కి కుడిభుజం, ఇప్పుడు మారిన మనిషిలాంటివాడు. ఆటలో అంత గొప్ప పాత్ర ఇంకొకటి లేదని నా అభిప్రాయం. నింటెండో వారి మారియోకి గొంతిచ్చిన చార్ల్స్ మార్టినే దీనికీ గొంతిచ్చాడు, నమ్మలేం. బ్లేడ్స్ అనే దళంవాళ్లు దాన్ని చంపితే గానీ నీకు సాయం చెయ్యమంటారు. చంపొచ్చు, లేదా ఆ పనిని అలాగే పెండింగులో వదిలెయ్యొచ్చు. వాళ్లతో వాదించి ఒప్పించడానికి ఒక్క మాట లేదు. పాతపాపం కడుక్కున్నవాణ్ని చంపాలా అని అంత బరువైన ప్రశ్న వేసి, జవాబు చెప్పే నోరు ఆటగాడికి ఇవ్వలేదు. ఆ కొరత తీర్చడానికి అభిమానులు ఒక మాడ్, అంటే ఆటకి తామే చేసుకునే మార్పు, రాసుకోవాల్సి వచ్చింది.

ఇది వాళ్ల బద్ధకం అని నేననను. నా పనిలో ఇది రోజూ చూస్తాను. ఆటగాడు తీసుకునే నిర్ణయాలు పది అనుకో, ఒక్కోదానికి రెండు దారులు. అన్నీ గుర్తుంచుకునే ఆట అయితే 1,024 రకాల లోకాలు. ప్రతిదాంట్లోనూ ప్రతి మనిషి మాటలూ మారాలి, ఎవరో ఒకరు కూర్చుని అన్నీ పరీక్షించాలి. దేశం పెద్దదైతే అది ఎవరి తరమూ కాదు. అందుకే పెద్ద దేశాలు మరిచిపోతాయి. నీ మూడు వందల ఊళ్లూ మరిచిపోతాయి తల్లీ. నీతో పనిచేసేది ఇద్దరు స్నేహితులు, చేతిలో ఉన్నది చదువులో ఈ చివరి సంవత్సరం.

అదే స్కైరిమ్‌లోంచి ఇంకో దారి కూడా పుట్టింది. ఆట మార్చుకునే పనిముట్లని బెథెస్డా 2012 ఫిబ్రవరిలో ఉచితంగా ఇచ్చింది. వాటితో ఆస్ట్రేలియాకి చెందిన నిక్ పియర్స్ 'ది ఫర్గాటెన్ సిటీ' అనే మాడ్ చేసి 2015లో విడుదల చేశాడు. అందులో ఉన్నది భూమి కింద ఒక్క నగరం, కొద్దిమంది మనుషులు, ఒక్క చట్టం. ఎవరు ఒక్క నేరం చేసినా అందరూ చస్తారు. చట్టం విరిగినప్పుడల్లా నువ్వు కాలంలో వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాలి. అంతకుముందు నువ్వు తెలుసుకున్నది నీతో వస్తుంది, దానితో ఆ మనుషుల్ని కొత్తగా అడుగుతావు. 2016లో ఆస్ట్రేలియా రచయితల సంఘం ఆ రచనకి బహుమతి ఇచ్చింది. 2021లో అది రోమన్ నగరం నేపథ్యంగా సొంత ఆటై బయటికొచ్చింది. ఆ మాడ్‌లో ఇంజనూ స్కైరిమ్‌దే, బొమ్మలూ అవే. స్థలం కుదించుకున్నాడు కాబట్టి ప్రతి మనిషికీ జ్ఞాపకం పెట్టగలిగాడు.

నీ నోట్సులో పద్నాలుగో పేజీ మీద నేను టిక్కు పెట్టాను, చూసుకో. మర్రిచెట్టు కింద ఊరు, చెరువుకి తూము తీసే హక్కు కోసం రెండు వీధుల గొడవ, గొడవ తీర్చిన రాకుమారుణ్ని ఒక వీధివాళ్లు భోజనానికి పిలవడం, రెండో వీధివాళ్లు తలుపులు వేసుకోవడం. నలభై పేజీల్లో నాకు ఊపిరాడింది అక్కడ. ఆ తలుపులు ఆట చివరిదాకా వేసే ఉండాలి. అతను తూము ఎవరికిచ్చాడో, చేలు ఎటు పచ్చగా ఉన్నాయో చూస్తే తెలియాలి. మాంత్రికుణ్ని చంపి అతను తిరిగొచ్చిన రోజున ఊళ్లో ఎవరు ఎదురొస్తారో, ఎవరు రారో దాన్నిబట్టే ఉండాలి.

స్కైరిమ్‌ని మళ్లీ ఒకసారి ఆడు. ఈసారి మ్యాపు తెరవకుండా, గుర్రం ఎక్కకుండా, కనబడ్డ కొండ వైపు నడిచి చూడు. ఏ వంపులో ఏది నీ కంట పడేలా పెట్టారో కాగితం మీద రాసుకో. అది నువ్వు వాళ్ల దగ్గర తీసుకోవాల్సిన విద్య. ఆ మర్రిచెట్టు ఊరొక్కటే ముందు చెయ్యి. మిగిలిన పదకొండు రాజ్యాల కాగితాలూ చింపెయ్యమనను, అటకమీద పెట్టు. మీ నాన్నకి నీ చదువు గురించి బెంగగా ఉందని నాకు తెలుసు, ఆయనతో నేను మాట్లాడతాను.

సంక్రాంతికి నేను రాజమండ్రి వస్తున్నాను. అప్పటికి ఆ ఒక్క ఊరు ఆడించగలిగేలా చెయ్యి. రంగులు లేకపోయినా ఫర్వాలేదు, చెట్టు స్థానంలో పెట్టె ఉన్నా ఫర్వాలేదు. పెద్దమ్మ నోటితో దారి చెప్పించు, గుర్తు పెట్టకు. నేను ఆ మాట విని మర్రిచెట్టు దాకా వెళ్లగలనో లేదో నీ పక్కన కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
బాబాయి