బండి విప్పి చూద్దాం రండి!

వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చేది ఏదైనా రాయమని కమిటీవారు అడిగారు. కవిత రాయడం నాకు రాదు. నేను ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదువుతున్నాను. మా మేనమామ మండల కేంద్రంలో మోటారుసైకిల్ మెకానిక్. సెలవుల్లో ఆయన షెడ్డులో నేర్చుకున్న పనిని, క్లాసులో విన్న పాఠాన్ని కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను. విషయం: చలికాలంలో మోటారుసైకిల్‌ను విప్పి, శుభ్రం చేసి, తిరిగి బిగించడం.

18 ఏళ్లు నిండని తమ్ముళ్లు బండి నడపకూడదు. లైసెన్సు రాదు, ప్రాణానికీ ప్రమాదం. కానీ బండి ఎలా పనిచేస్తుందో నేర్చుకోవడానికి వయసు అడ్డు కాదు.

చలికాలమే ఎందుకు?

ఇంగ్లండ్, కెనడా వంటి చలిదేశాల్లో చాలామంది చలికాలం మొదలుకాగానే మోటారుసైకిల్‌ను షెడ్డులో పెట్టేస్తారు. రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా అక్కడ ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిస్తే నీరు సున్నా డిగ్రీల కంటే ఇంకా కిందికి వెళితే గానీ గడ్డకట్టదు. ఇది మన సైన్సు పాఠమే. కానీ అదే ఉప్పునీరు ఇనుముకు శత్రువు. ఉప్పు కరిగిన నీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది కాబట్టి తుప్పు వేగంగా పడుతుంది. అందుకే వాళ్లు ఆ నాలుగు నెలల్లో బండిని విప్పి, కడిగి, గ్రీజు పెట్టి, వసంతానికి సిద్ధం చేసుకుంటారు.

మనకు మంచు లేదు, రోడ్డు మీద ఉప్పు లేదు. మనకు ఉన్నది వానాకాలం. జూన్ నుంచి బురదలో, నీటి గుంటల్లో తిరిగిన బండికి చెయిన్ నిండా మట్టి, బ్రేకు డ్రమ్ముల్లో ఒండ్రు, కేబుళ్లలో తేమ చేరతాయి. నల్లరేగడి నేలల్లో అయితే మట్టి మడ్‌గార్డు కింద సిమెంటులా పట్టేస్తుంది. బాపట్ల, కాకినాడ వైపు సముద్రపు గాలిలోనే ఉప్పు ఉంటుంది, అక్కడ తుప్పు ఇంకా తొందర. కాబట్టి వానలు వెనకబట్టాక, సంక్రాంతి ప్రయాణాలకు ముందు, ఒక ఆదివారం బండి విప్పడం మనకూ అవసరమే.

విప్పే ముందు

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే 100 సీసీ బండినే ఉదాహరణగా తీసుకుందాం. హీరో హోండా స్ప్లెండర్ 1994లో వచ్చింది. 2011లో కంపెనీ పేరు హీరో మోటోకార్ప్‌గా మారింది గానీ పల్లెల్లో ఇప్పటికీ అది 'హీరో హోండా' బండే. దాని సిలిండరు వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 49.5 మిల్లీమీటర్లు. పదో తరగతి తమ్ముళ్లు స్తూపం ఘనపరిమాణం సూత్రం వేసి చూడండి: 22/7 × 2.5 × 2.5 × 4.95. సుమారు 97.2 ఘనపు సెంటీమీటర్లు వస్తుంది. 'సీసీ' అంటే ఇదే.

బండిని గట్టినేల మీద సెంటర్ స్టాండు వేసి నిలపాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. దగ్గర బీడీ, సిగరెట్టు, దీపం ఏదీ ఉండకూడదు. పానాలు, స్క్రూడ్రైవరు, వేస్టు గుడ్డ, పాత టూత్‌బ్రష్, కొద్దిగా కిరోసిన్ లేదా డీజిల్ దగ్గర పెట్టుకోవాలి. పెట్రోలుతో కడగవద్దు. దాని ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

వీటన్నిటికంటే ముఖ్యం ఒక నోటుబుక్కు, నాలుగైదు గిన్నెలు. ఒక్కో భాగం నట్లు, వాషర్లు ఒక్కో గిన్నెలో వేసి, విప్పిన వరుసను 1, 2, 3 అని అంకెలు వేసి రాసుకోవాలి. వాషరు ఏ వైపు ఉందో చిన్న బొమ్మ గీసుకోవాలి. మా మామయ్య మొదటి రోజే అన్నాడు: "అల్లుడూ, విప్పడం ఎవడైనా విప్పుతాడురా. ఒక్క నట్టు మిగలకుండా బిగించినవాడే మెకానిక్."

బ్యాటరీ

పక్క డూమ్ తీయగానే బ్యాటరీ కనిపిస్తుంది. ముందు మైనస్ వైరు విప్పాలి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. కారణం ఏమిటి? బండి ఇనుప చట్రమంతా మైనస్‌కు కలిపి ఉంటుంది. మైనస్ ఉండగా ప్లస్ విప్పుతుంటే పానా చట్రానికి తగిలి షార్ట్ అవుతుంది. ముందే మైనస్ తీసేస్తే ఆ వలయం పూర్తికాదు.

లోపల ఉన్నది సీసం పలకలు, సల్ఫ్యూరిక్ ఆమ్లం. బ్యాటరీ ఖర్చయ్యేకొద్దీ రెండు పలకల మీదా లెడ్ సల్ఫేటు చేరుతుంది, ఆమ్లం పలచబడి నీటికి దగ్గరవుతుంది. అందుకే చలిదేశాల్లో బ్యాటరీని చార్జి చేసి ఉంచుతారు. నిండుగా చార్జి ఉన్నది గడ్డకట్టదు, ఖాళీ అయినది గడ్డకట్టి పగులుతుంది. మన దగ్గర సమస్య వేరు, నీరు ఆవిరై మట్టం తగ్గుతుంది. మూతలు ఉన్న రకం అయితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పొయ్యాలి. బోరు నీళ్లలోని లవణాలు పలకలను పాడుచేస్తాయి. ఆమ్లం చేతి మీద పడితే వెంటనే ఎక్కువ నీళ్లతో కడుక్కోవాలి.

చెయిన్

చెయిన్ కవరు తీసి చూడండి. చెయిన్‌కు ఒకచోట లాక్ ఉంటుంది. ఆ క్లిప్పును తీస్తే చెయిన్ మొత్తం బయటికి వస్తుంది. కిరోసిన్‌లో నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, తుడిచి, ఆరాక 90 నంబరు గేరు ఆయిల్ పట్టించాలి. పళ్ల చక్రాల పళ్లు కూడా చూడాలి. పళ్లు ఒకవైపు కొక్కేల్లా వంగి ఉంటే చెయిన్‌తో పాటు రెండు చక్రాలనూ మార్చాలి. కొత్త చెయిన్ పాత పళ్ల మీద వేస్తే అదీ త్వరగా అరుగుతుంది.

తిరిగి వేసేటప్పుడు క్లిప్పు మూసుకున్న కొన చెయిన్ ముందుకు కదిలే దిక్కుకు, చీలిన కొన వెనక్కి ఉండాలి. తిరగేసి వేస్తే ఏ రాయో తగిలినప్పుడు క్లిప్పు ఊడిపోతుంది. చెయిన్ మరీ బిగుతుగా ఉండకూడదు. మధ్యలో వేలితో కదిపితే రెండు, రెండున్నర సెంటీమీటర్లు ఆడాలి. సరైన కొలత బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

బ్రేకులు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

వెనుక చక్రం తీయాలంటే ముందు బ్రేకు రాడ్డు నట్టు, స్ప్రింగు తీయాలి. తర్వాత బ్రేకు ప్లేటును పట్టుకున్న బద్ద బోల్టు, ఆ తర్వాత ఎక్సెల్ నట్టు. ఎక్సెల్ లాగినప్పుడు కాలర్ కింద పడుతుంది, అది ఏ వైపుదో రాసుకోవాలి. బ్రేకు ప్లేటు ఊడదీస్తే అర్ధచంద్రాకారంలో రెండు షూలు కనిపిస్తాయి. లోపలి దుమ్మును నోటితో ఊదకూడదు, గాలి కొట్టకూడదు. కొన్ని పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, అది ఊపిరితిత్తులకు చాలా హానికరం. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయాలి. లైనింగుకు, డ్రమ్ము లోపలికి నూనె, గ్రీజు అంటకూడదు.

మా నాన్న సెకండ్ హ్యాండ్ బండి మీద తెల్లవారుజామున మార్కెట్టుకు వెళ్లి, రెండు బస్తాల కూరగాయలు కట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముతాడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదట. ఆ ఫీజులూ, బస్సు చార్జీలూ ఆ బండి తెచ్చినవే. రెండేళ్ల కిందట దాని వెనుక చక్రం విప్పితే లైనింగు గోరంత మందం కూడా లేదు. నాన్న బ్రేకు నట్టు తిప్పుకుంటూ నెట్టుకొస్తున్నాడు. "పడుతోంది కదరా" అన్నాడు. ఆ నట్టు తిప్పితే బ్రేకు పడినట్టే ఉంటుంది, లోపల అరుగుదల మాత్రం ఆగదు. కొత్త షూల జత ఖరీదు ఆయన ఒక్కరోజు సంపాదనలో సగం లేదు.

అందుకే విప్పకుండానే చూసుకునే గుర్తు ఒకటి చెబుతాను. చాలా బండ్లకు బ్రేకు ప్లేటు మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు పూర్తిగా నొక్కి పట్టినప్పుడు చేతి మీది బాణం ప్లేటు మీది గుర్తుకు ఎదురుగా వచ్చిందంటే షూలు మార్చాల్సిందే. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ నాన్నగారి బండికో, అన్నయ్య బండికో ఇది చూడండి. రెండు నిమిషాల పని.

లెక్క కూడా చూద్దాం. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగం 60 అయితే వేగం ఒకటిన్నర రెట్లు, కానీ శక్తి రెండుంపావు రెట్లు. ఆ శక్తిని బ్రేకు షూలే వేడిగా మార్చాలి. బస్తాల బరువు కలిస్తే ఇంకా ఎక్కువ.

ప్లగ్గు, ఫిల్టరు, కార్బరేటరు

స్పార్కు ప్లగ్గు విప్పి దాని రంగు చూడండి. లేత ఇటుక రంగు ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. తడిగా, నూనెగా ఉంటే ఇంజిన్‌లోకి ఆయిల్ ఎక్కుతోందని అనుమానించాలి. డాక్టరు నాలుక చూసినట్టే మెకానిక్ ప్లగ్గు చూస్తాడు.

ఎయిర్ ఫిల్టరు స్పాంజి రకం అయితే కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, ఇంజిన్ ఆయిల్ రాసి పిండి వేయాలి. కాగితం రకం అయితే కడగకూడదు, మార్చాలి. ఇంజిన్ ఆయిల్ మార్చేటప్పుడు పాత ఆయిల్‌ను కాలువలో పొయ్యవద్దు. డబ్బాలో పట్టి మెకానిక్ షెడ్డులో ఇవ్వండి.

చలి ఉదయం బండి కిక్కుకు ఎందుకు లేవదు? పెట్రోలు మండాలంటే ఆవిరి కావాలి. లంబసింగి, ఆదిలాబాద్ వంటి చోట్ల తెల్లవారుజామున చలికి అది సరిగా ఆవిరి కాదు. చోక్ లాగితే గాలి తగ్గి, ఆ మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది. అందుకే లేస్తుంది. ఇంజిన్ వేడెక్కాక చోక్ మూసేయాలి. ఇది కార్బరేటరు బండ్ల సంగతి. 2020 ఏప్రిల్‌లో వచ్చిన బి.ఎస్.-6 నిబంధనల తర్వాత కొత్త బండ్లలో చాలావరకు కార్బరేటరు స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. దాన్ని ఇంట్లో విప్పవద్దు. అలాగే ఇంజిన్ లోపలి భాగాలు, ముందు ఫోర్కులు కూడా మెకానిక్‌కే వదిలేయాలి.

తిరిగి బిగించడం

ఇప్పుడు నోటుబుక్కు చివరి నుంచి మొదటికి చదవాలి. చివర విప్పింది ముందు, ముందు విప్పింది చివర. నట్టును మొదట చేత్తో తిప్పి, మర సరిగా పట్టాకే పానా వేయాలి. బలం ఎంత? 20 సెంటీమీటర్ల పానా చివర 100 న్యూటన్ల బలం వేస్తే తిప్పే ప్రభావం 20 న్యూటన్-మీటర్లు. దానికి పైపు తొడిగి 40 సెంటీమీటర్లు చేస్తే అదే బలానికి 40. అల్యూమినియం మరలు అలాగే తెగిపోతాయి. గట్టిగా బిగించడం వేరు, సరిగా బిగించడం వేరు.

అన్నీ అయ్యాక చక్రాలు చేత్తో తిప్పి చూడాలి. రెండు బ్రేకులు, లైట్లు, బ్రేకు లైటు, హారన్ చూడాలి. తర్వాత మెల్లగా, ఖాళీ చోట ఒక చుట్టు తిప్పి, ఎక్సెల్ నట్లు మరొకసారి చూడాలి.

చివరిగా

మనలో చాలామంది ఇళ్లలో చేతిపనే బతుకు. చదువుకుంటే ఆ మసి అంటదని అనుకుంటాం. మా మామయ్య ఏడో తరగతితో ఆపేశాడు. మైనస్ వైరు ముందు తీయాలని ఆయనకు ముప్పై ఏళ్లుగా తెలుసు. ఎందుకో నేను చెప్పినప్పుడు కాసేపు ఆలోచించి, షెడ్డులో పనిచేసే కుర్రాడిని పిలిచి "ఇది విను" అన్నాడు. ఆయన చేతిలో ఉన్నదీ, మన పుస్తకంలో ఉన్నదీ ఒకటే విద్య. ఈ పని మీద ఇష్టం ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు పది పాసయ్యాక ఐ.టి.ఐ.లో రెండేళ్ల మోటారు వెహికల్ మెకానిక్ ట్రేడ్‌లో చేరవచ్చు. ఇంటర్, డిగ్రీకి వెళ్లేవాళ్లకు ఫిజిక్స్ భయం పోతుంది.

పూర్వ విద్యార్థులైన అన్నయ్యలకు, అక్కయ్యలకు ఒక మనవి. వచ్చే వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు శాలువాలు, పూలదండలు వద్దు. మీ దగ్గర పడి ఉన్న పాత కార్బరేటరు, అరిగిన చెయిన్ చక్రం, ఒక బ్రేకు ప్లేటు తెచ్చివ్వండి. స్టడీ రూములో ఒక బల్ల మీద పెడదాం. నేను పానాలు తెస్తాను.

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (ఫిజిక్స్)