కణంలో తుఫాను హెచ్చరిక

విశాఖపట్నం రేవులో బొగ్గు ఓడ తనకు కేటాయించిన బెర్తు దగ్గరే ఆగాలి. వేరేచోట ఆగితే సరుకు దింపే వీలుండదు. తుఫాను హెచ్చరిక వస్తే మాత్రం ఓడలు పని ఆపి, రేవు వదిలి సముద్రం లోపలికి వెళ్లిపోతాయి. 2014 అక్టోబరు 12న విరుచుకుపడిన హుద్‌హుద్ వంటి గాలిలో గట్టున కట్టిన ఓడ గట్టునే ఢీకొంటుంది. మన శరీరకణాల్లోనూ ఇటువంటి ఏర్పాటు ఉంది.

మాంసకృత్తుల తయారీకి కావలసిన సమాచారం కేంద్రకంలోని డి.ఎన్.ఎ.లో ఉంటుంది. దాని నకలును బయటి రైబోజోములకు అందించేది వార్తాహర ఆర్.ఎన్.ఎ. ఈ వార్త కణంలో ఎక్కడికి చేరినా ఒకటేనా? కాదు. మోకాలు చీరుకుపోతే గాయాన్ని పూడ్చడానికి కొన్ని కణాలు పాకుతూ వస్తాయి. పాకడానికి వాటి ముందు అంచున ఆక్టిన్ అనే మాంసకృత్తి కావాలి. 1986లో అమెరికాలో జీన్ లారెన్స్, రాబర్ట్ సింగర్ కోడిపిండపు కణాలను పరీక్షించి, ఆక్టిన్ ఆర్.ఎన్.ఎ. ఆ అంచు వైపే చేరుతోందని చూపారు. ఆ ఆర్.ఎన్.ఎ.లో 54 అక్షరాల చిరునామా ఉందని తరువాత తెలిసింది. ఉత్తరం మీద 530001 అని పిన్‌కోడు రాస్తే విశాఖ చేరదూ, అలాగే!

ఇక తుఫాను సంగతి. కోడిగుడ్డు ఉడికితే తెల్లసొన గట్టిపడుతుంది. మాంసకృత్తుల మడతలు వేడికి విడిపోయి ఒకదానికొకటి అతుక్కోవడమే దానికి కారణం. కణం మితిమీరి వేడెక్కినప్పుడు దానిలోని మాంసకృత్తులకూ ఈ ప్రమాదం మొదలవుతుంది. వెంటనే కణం చాలా ఆర్.ఎన్.ఎ.ల పని ఆపి, వాటిని చిన్న చిన్న గుంపులుగా ఒకచోట నిలిపి ఉంచుతుంది. చెడిన మడతలను సరిదిద్దే సహాయక మాంసకృత్తుల ఆర్.ఎన్.ఎ.లకు మాత్రం దారి ఇస్తుంది. వేడి తగ్గాక గుంపులు విడిపోయి, పనులు మళ్లీ సాగుతాయి.

ఈ పరిశోధనకు దారి చూపినవారు ఇటలీ శాస్త్రజ్ఞుడు ఫెరుచియో రిటోసా. ఆయన పరిశోధనశాలలో ఎవరో ఇంక్యుబేటరు వేడి పెంచారు. లోపలి డ్రాసోఫిలా ఈగల క్రోమోజోములు కొన్నిచోట్ల కొత్తగా ఉబ్బాయి. అవి ఆర్.ఎన్.ఎ. జోరుగా తయారవుతున్న చోట్లు. ప్రాముఖ్యం లేదని ఒక పేరున్న పత్రిక ఆయన వ్యాసాన్ని తిప్పిపంపింది. 1962లో మరో పత్రిక అచ్చువేసింది. అటువంటి ఉబ్బుల్లో ఒకదానిని మన దేశంలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన సుభాష్ చంద్ర లఖోటియా దశాబ్దాలపాటు శోధించారు. అక్కడ పుట్టే ఒక పెద్ద ఆర్.ఎన్.ఎ. కేంద్రకం దాటి వెళ్లదు; ఇతర ఆర్.ఎన్.ఎ.లను సిద్ధంచేసే మాంసకృత్తులను తన దగ్గర నిలవ ఉంచుతుంది.

ఈ రక్షణకూ ఒక హద్దు ఉంది. ఉక్కు కొలిమి దగ్గర పనిచేసేవారైనా, మే నెల ఎండలో నడిచేవారైనా శరీరం మరీ వేడెక్కితే కణాలు తట్టుకోలేవు. అదే వడదెబ్బ. అటువంటివారిని నీడకు చేర్చి, ఒళ్లు చల్లని నీటితో తడిపి, విసరుతూ, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఆలోచించండి: తుఫాను వెలిశాక కూడా ఓడలు తిరిగి రాకపోతే రేవు ఏమవుతుంది? వేడి తగ్గినా ఆర్.ఎన్.ఎ. గుంపులు విడిపోకపోతే కణం ఏమవుతుంది?